నర్సింహ గారి బ్రోచ్ కాల్చిన రోజు

2023 వేసవి. కర్మన్‌ఘాట్‌లో మా ఇంటి ముందు కారు పెట్టుకోవడానికి వదిలిన జాగాలో కారు లేదు, రెండు ఫర్నేసులు ఉన్నాయి. ఒక ఫ్యాక్టరీలో పనిముట్లు తయారు చేసే టూల్ రూమ్‌లో హీట్ ట్రీట్‌మెంట్ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఇంట్లో తోచక రేకుల షెడ్డు వేయించి పెట్టుకున్న సంసారం ఇది. హీట్ ట్రీట్‌మెంట్ అంటే ఉక్కును లెక్క ప్రకారం కాల్చి, లెక్క ప్రకారం చల్లార్చి, దాని చేత కావలసిన పని చేయించుకునేలా తయారు చేయడం. మా వీధిలో చాలామందికి నేనేదో బేకరీ నడుపుతున్నాననే అభిప్రాయం ఉంది. పక్కింట్లో కొత్తగా కిరాయికి దిగినావిడ బిస్కెట్లు ఆర్డరు మీద చేస్తారా అని అడిగింది కూడా. నేను జవాబు చెప్పేలోపే మా ఆయన "చేస్తుందమ్మా, కాకపోతే తింటే పళ్ళూడతాయి" అన్నారు.

నాకు నోరు కాస్త ఎక్కువే. ఉక్కు రకం చెప్పకుండా "జర గట్టిగ చేసియ్యుండ్రి మేడం" అని ముక్క చేతిలో పెట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఏ స్టీలయ్యా అంటే, మంచి స్టీలే అంటారు. అలాంటివాళ్ళను గేటు దగ్గర నుంచే తిప్పి పంపిస్తానని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా లేత్ మిషన్ల వాళ్ళందరికీ తెలుసు. తెలిసీ వస్తారు, అది వేరే సంగతి.

ఆ మార్చిలో ఒక రోజు పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. యాభై దాటిన మనిషి, చేతికర్ర ఊతంగా, ముందు ఎడమ కాలు దింపి తర్వాత కుడి కాలును చేత్తో పట్టుకుని దింపాడు. కుడి కాలికి తొడ దగ్గర నుంచి బూటు దాకా ఉక్కు పట్టీల కాలిపర్ ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్ళు కాలు నిలబడడానికి తొడుక్కునేది. నేను అడగకముందే ఆయన భుజానికున్న సంచిలోంచి గుడ్డ మూట తీశాడు.

"మేడం, నా పేరు నర్సింహ. ఎల్బీనగర్ల ఇంట్లనే చిన్న వర్క్‌షాప్ ఉన్నది. గిది హై స్పీడ్ స్టీలు, ఎం టూ. చివరన స్టీలు రకం రంగు గుర్తు గుడ చెరపలే, సూడుండ్రి. మీరు ముందు గదే అడుగుతరని చెప్పిండ్రు."

నా పేరు ఎంతవరకు పాకిందో అప్పుడు అర్థమైంది. లోపలికి రమ్మన్నాను.

గుడ్డ విప్పితే అందులో జానెడుకు పైగా పొడుగున్న ఉక్కు కడ్డీ. దాని మీద ఒకదాని వెనక ఒకటి పళ్ళు. దీన్ని బ్రోచ్ అంటారు. గుండ్రటి రంధ్రం కావాలంటే డ్రిల్లు చాలు. నాలుగు పలకల రంధ్రం కావాలంటే ఇలాంటి కడ్డీని రంధ్రంలోంచి నొక్కి తోయాలి. ప్రతి పన్నూ ముందు పన్ను కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండి, తన వంతు కొంచెం కోసుకుంటూ పోతుంది. చివరి పన్ను దాటేసరికి రంధ్రం కొలతకు వస్తుంది. వీటిని పెద్ద మిషన్ల మీద చేస్తారు. ఈయన ఆకురాయితో చేశాడు. నేను పళ్ళ మీద వేలు పెట్టి, కళ్ళద్దాలు మార్చుకుని మళ్ళీ చూశాను. ఇలాంటి చేతిపని నేను మా టూల్ రూమ్‌లో కూడా చూడలేదు. ఆ మాట పైకే అన్నాను. ఆయన సిగ్గుపడ్డాడు.

"బతుకమ్మ పండుగకు మొదలువెట్టిన మేడం. ఇంకోటి చెయ్యాల్నంటే మాత్రం నాతోని కాదు. కండ్లు ఆనుతలేవు."

మూటలో ఇంకా రెండు ముక్కలున్నాయి. అంతకు ముందు చేసిన బ్రోచ్ అది. ఎవరో కాల్చి, చల్లార్చి హార్డెనింగ్ చేసి ఇచ్చారట. మొదటి రంధ్రం కోసింది, రెండోదాంట్లో పుటుక్కున విరిగింది.

విరిగిన చోట చూశాను. పట్టుగుడ్డలా సన్నగా, బూడిద రంగులో మెరుస్తోంది. అంటే కాల్చినవాడు బాగానే కాల్చాడు, చల్లార్చినవాడు బాగానే చల్లార్చాడు. తేడా ఆ తర్వాతే వచ్చింది.

"టెంపరింగ్ ఎవరు చేశారండీ?" అన్నాను. చల్లార్చిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్ళీ కొంత వేడి చేసి ఆ పెళుసుదనం తీసేయడమే టెంపరింగ్.

"నేనే చేసిన. పెనంల ఇసుక వోసి, అండ్ల వెట్టి, సన్నమంట మీద. మంచిగ గడ్డి రంగు వచ్చేదాంక ఉంచిన. ఆకురాయి వెట్టి సూస్తే జారిపోయింది. గట్టిగున్నదనే అనుకున్న."

"పల్లీలు వేయించినట్టు వేయించారన్నమాట."

"మా ఇంటామె పల్లీల పెనమే మేడం."

తనివితీరా తిట్టడానికి నోరు తెరిచి కూడా తిట్టలేకపోయాను. ఎందుకంటే ఆయన చేసింది మామూలు ఉక్కుకైతే నూటికి నూరుపాళ్ళు సరైన పద్ధతి. ఉలికో, గొడ్డలికో ఆ గడ్డి రంగు చాలు. ఉక్కును కోసే పనిముట్లకు వాడే ఈ హై స్పీడ్ స్టీల్ జాతి వేరు. దానికి ఆ వేడి ఒక లెక్కలోదే కాదు. అయిదు వందల యాభై డిగ్రీల దాకా తీసుకుపోవాలి, అదీ ఒకసారి కాదు, మూడుసార్లు. అంత వేడికి మామూలు ఉక్కు మెత్తబడిపోతుంది. ఇది మాత్రం అక్కడే ఇంకా గట్టిపడి, పెళుసుదనం వదులుకుంటుంది. గడ్డి రంగు చూసి మురిసిపోయి ఎన్ని మంచి పనిముట్లు విరగ్గొట్టుకున్నారో మన లేత్ వీధుల్లో లెక్కలేదు.

ఇంతకీ ఈ బ్రోచ్ ఏం కోస్తుందని అడిగాను. ఆయన కర్ర గోడకు ఆనించి, ప్యాంటు మీదున్న కాలిపర్ మోకాలి దగ్గర చూపించాడు.

మోకాలికి అటూ ఇటూ ఉన్న పట్టీల్లో మడత ఉంటుంది. మనిషి కాలు చాపి నిలబడగానే ఒక్కో పట్టీ మీద ఉన్న ఉక్కు రింగు కిందికి జారి ఆ మడతను బిగించేస్తుంది. కూర్చోవాలంటే రింగులను చేత్తో పైకి లాగాలి. రింగు అన్నానని గుండ్రంగా ఉంటుందనుకోకండి, లోపలి రంధ్రం అగ్గిపెట్టె పై తొడుగులా పలకలుగా ఉంటుంది. అది పట్టీకి సరిగ్గా సరిపోవాలి. బిగువైతే జారదు. వదులైతే నడుస్తుండగా పైకి తేలుతుంది, మోకాలు ఒక్కసారిగా మడత పడుతుంది. ఆయన రింగులు అరిగి వదులైపోయాయి.

"దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ కాడ పడ్డ మేడం. ఎనుకనే బస్సు. డ్రైవరు బ్రేక్ కొట్టిండు గాబట్టి గిట్ల మీ ముంగల నిలవడ్డ. గప్పటికెల్లి ఇంట్ల ఒకటే పరేషాన్. ఇగ నడుసుడు బంద్ వెట్టి చక్రాల కుర్చీల కూసో అంటున్నరు. ఒక్కసారి కూసుంటే మల్ల నన్ను ఎవలు లేవనిస్తరు?"

కొత్త రకం కాలిపర్లు తొడుక్కోవచ్చు కదా అన్నాను. ప్రయత్నించాడట. చిన్నప్పటి నుంచి ఒక పద్ధతికి అలవాటు పడిన నడుము, తుంటి కొత్త పద్ధతికి ఒప్పుకోలేదు. ఆయన వర్క్‌షాపులో చేసేది కాలిపర్లే. ఆయన ఒక్కడే కాదు, ఆయన చేతి కాలిపర్లు వేసుకుని నడుస్తున్నవాళ్ళు ఇంకొంతమంది ఉన్నారు. అందరూ ఆయన వయసువాళ్ళే. పాత కొలత రింగులు ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. నాలుగు రింగుల కోసం ఏ వర్క్‌షాపు వాళ్ళూ మిషన్ ఖాళీ చేసి ఇవ్వరు. ఇన్నాళ్ళూ ఆకురాయితో రుద్ది చేసిపెట్టాడు. చూపు తగ్గుతోంది కాబట్టి, చూపుతో పని లేకుండా రింగు చేసే సాధనం ఒకటి, చూపు ఉండగానే చేసి పెట్టుకోవాలనుకున్నాడు. ఆ ఆలోచన విన్నాక నాకు ఆయన మీద గౌరవం పదింతలైంది.

"ఇలా పొడుగ్గా సన్నగా ఉన్నది చల్లార్చేటప్పుడు వంగిపోవచ్చు, పగిలిపోవచ్చు. గ్యారంటీ ఇవ్వలేనండీ" అని ఉన్నమాట చెప్పాను.

"గ్యారంటీ ఎవలిస్తరు మేడం. మీరు చెయ్యుండ్రి. నేను పక్కన నిలవడ్త."

వెంటనే చేయలేదు. అదే ఉక్కు, అదే మందం ముక్క ఒకటి సంపాదించి ముందు దాన్ని కాల్చి చూసుకున్నాను. బాగానే వచ్చింది. అయినా ఆ వారమంతా అన్నం సహించలేదు. మా ఆయన రిటైరైన అకౌంటెంటు, ఫర్నేసు దగ్గరికి రానని ఒట్టు పెట్టుకున్న మనిషి. ఆయన కూడా "ఏంటే, ఆ కడ్డీ ఏమన్నా మన పిల్లా? అలా దిగులు పడిపోతున్నావు" అన్నారు.

అనుకున్న రోజు నర్సింహ గారు పొద్దున్నే వచ్చారు. చిన్న ఫర్నేసులో బ్రోచ్‌ను ముందు నెమ్మదిగా వేడెక్కించాను. హై స్పీడ్ స్టీల్‌ను చల్లగా ఉన్నదాన్ని తీసుకెళ్ళి పెద్ద మంటలో పెడితే బీటలు వారుతుంది. అది ఎర్రబడ్డాక బయటికి తీసి, పైన తెల్లటి పొడి చల్లాను. పొడి కరిగి గాజు పూతలా పట్టుకుంటుంది, మంటలో గాలి తగిలి పళ్ళ అంచులు చెడిపోకుండా కాపాడుతుంది.

"గిది క్యారమ్ బోర్డు పౌడర్ లెక్క ఉన్నది" అన్నాడాయన.

"అదేనండీ. బోరిక్ పౌడర్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటసామాన్ల షాపులో కొంటాను. నేనేదో క్యారమ్ ఛాంపియన్ననుకుంటున్నాడు ఆ షాపతను."

ఆయన నవ్వాడు.

తర్వాత పెద్ద ఫర్నేసు. అది నిలువుది, పైనుంచి మూత. బ్రోచ్‌ను తీగకు కట్టి నిటారుగా వేలాడదీశాను. పడుకోబెడితే ఆ వేడికి తన బరువుకు తనే వంగిపోతుంది. పన్నెండు వందల డిగ్రీలు. ఆ వేడిలో ఉక్కు ఎర్రగా ఉండదు, నిమ్మపండు రంగు దాటి తెల్లగా అయిపోతుంది. నల్లద్దం లేకుండా చూడలేం. అక్కడ ఉంచాల్సింది కొద్ది నిమిషాలే. తక్కువైతే గట్టిపడదు, ఎక్కువైతే లోపలి రవ్వ ముతకబారి దేనికీ పనికిరాదు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నర్సింహ గారు నల్లద్దం కళ్ళకడ్డం పెట్టుకుని, పూజగదిలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

తీగ పట్టి లేపి, నిలువుగా నూనెలో ముంచాను. భగ్గుమని మంట లేచింది, నేను అలాగే పట్టుకున్నాను. మంట తగ్గి, ఉక్కు ఎరుపు పోయి నల్లబడగానే బయటికి తీసి, స్టీలు స్కేలు పక్కన పెట్టి చూశాను.

వంగింది. నడుము దగ్గర, చిన్న విల్లులా. కంటికి కనిపించేటంత వంపు. పళ్ళు ఒక్కటీ చెక్కుచెదరలేదు, పగులు లేదు, కాని ఆ వంపుతో అది పనికిరాదు. వంకర బ్రోచ్ వంకర రంధ్రమే కోస్తుంది, కోయలేకపోతే విరుగుతుంది.

ఒక అవకాశం మిగిలి ఉంది. హై స్పీడ్ స్టీల్ నూనెలోంచి తీయగానే గట్టిపడిపోదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నంతసేపూ వంచితే వంగుతుంది. ఇంకా చల్లారే కొద్దీ లోపల గట్టిపడడం మొదలవుతుంది, అప్పుడు తాకితే విరిగి చేతిలోకొస్తుంది. ఆ మధ్య కాసేపే మన చేతిలో ఉన్నది. టూల్ రూమ్‌లో దానికోసం ప్రత్యేకంగా ప్రెస్సు, మనుషులు ఉండేవారు. నా షెడ్డులో ముక్కను బిగించి పట్టుకునే బెంచి వైస్ ఒకటి ఉంది, నేనున్నాను.

"నర్సింహ గారూ, వంగిందండీ. ఇప్పుడే సరిచేయాలి. గోరువెచ్చగా అయితే ఇంక ముట్టుకోవడానికి లేదు" అన్నాను గబగబా.

ఆయన అప్పటికే కర్ర వదిలేసి సంచిలో చేయి పెట్టాడు. బయటికి తీసింది వంపు కమ్మీలు. చివర్లో గాడి ఉన్న పొడుగాటి పిడులు, రెండు. కాలిపర్ పట్టీని మనిషి కాలి వంపుకు తగ్గట్టు వంచేది వాటితోనే. ఆయన వృత్తి అదే కదా! ఉక్కు పట్టీని కంటితో చూసి, చేత్తో వంచి, మళ్ళీ కంటితో చూడడం. చూపు తగ్గినా చేయి ఎక్కడికీ పోలేదు.

"ఇటియ్యుండ్రి మేడం."

నేను బ్రోచ్‌కు పళ్ళ మీద రాగి రేకు చుట్టి వైస్‌లో బిగించాను. ఆయన రెండు కమ్మీలూ తగిలించాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. రెండు చేతులూ పనిలో ఉంటే కర్ర పట్టుకునేదెవరు? రింగులు వదులు. బలం పెట్టి నొక్కితే మోకాలు జారుతుంది. జారితే మనిషి వేడి ఉక్కు మీదే పడతాడు.

"ఏవండీ!" అని అరిచాను. ఆ అరుపు వీధి చివరి దాకా వినబడి ఉంటుంది. మా ఆయన పేపరు చేత్తోనే పరిగెత్తుకొచ్చారు. "వెనక నుంచి పట్టుకోండి ఆయన్ని, గట్టిగా, నడుము దగ్గర!" ఎందుకని అడగలేదు మనిషి. పేపరు పడేసి, రెండు చేతులూ చుట్టి పట్టుకున్నారు. ఒట్టు సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

నర్సింహ నెమ్మదిగా నొక్కాడు. వదిలాడు. తల వంచి కడ్డీ వెంట చూశాడు. నేను స్కేలు పెట్టాను, ఇంకా ఉంది. మళ్ళీ నొక్కాడు, ఈసారి కొంచెం పైన. మళ్ళీ స్కేలు. స్కేలుకూ కడ్డీకీ మధ్య వెలుతురు సన్నగా కనబడుతోంది. మూడోసారి నొక్కుతూ మధ్యలో ఆగిపోయాడు.

"ఇగ సాలు" అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో నేనూ "చాలండీ" అన్నాను. ఉక్కు సెగ తగ్గడం చూసి నేనన్నాను. ఆయన మాత్రం "ఎదురు చెప్పుడు షురూ చేసింది మేడం" అన్నాడు. లోపల గట్టిపడడం మొదలైనప్పుడు ఉక్కు స్ప్రింగులా ఎదురు తోస్తుంది. ఆయన చేతికి అది తెలిసింది.

స్కేలు పెట్టాను. వెలుతురు లేదు. తిప్పి పెట్టాను. లేదు. మా ఆయన ఇంకా పట్టుకునే ఉన్నారు. "ఇంక వదలచ్చా?" అన్నారు కాసేపటికి. ముగ్గురం ఒకేసారి నవ్వేశాం. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

ఆ మధ్యాహ్నం, సాయంత్రం టెంపరింగ్‌తోనే గడిచాయి. కాల్చడం, చేత్తో పట్టుకోగలిగేటట్టు చల్లారనివ్వడం, మళ్ళీ కాల్చడం. ఫర్నేసు మీటరు చూసి ఆయన బెంబేలెత్తాడు. "గంత ఏడి వెడితే మెత్తగైతది గద మేడం?" అని మొదటిసారి. రెండోసారీ అదే మాట. మూడోసారి అడగలేదు, ఆకురాయి అంచు పెట్టి గీసి చూసుకున్నాడు. జారింది. "పల్లీల పెనం ఇంటామెకు వాపస్ ఇచ్చేస్త" అన్నాడు. ఆ పూట మా ఇంట్లోనే భోజనం చేశాడు. మా ఆయనకూ ఆయనకూ వంకాయ కూర విషయంలో గుంటూరు గొప్పా, ఇబ్రహీంపట్నం గొప్పా అని వాదన పడింది. వండిన నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

రెండు రోజుల తర్వాత ఆయన భార్య అంజమ్మ ఫోన్ చేసింది. "అక్కా, రేపు రింగులు కోస్తడంట. మీరు రావాల్నని అంటుండు." నేను వెళ్ళాను. ఎల్బీనగర్‌లో సందులో ఇల్లు, ముందుగది నిండా పట్టీలు, తోలు ముక్కలు, గోడకు కాలిపర్లు. ఒకవైపు చేత్తో లాగే ప్రెస్సు. గుండ్రంగా తొలిచి, ఆకురాయితో కాస్త పలకలు చేసిన రింగును దాని కింద పెట్టాడు. బ్రోచ్‌కు ఆముదం రాశాడు. రంధ్రంలో నిలబెట్టి పిడి లాగాడు.

మొదటి పన్ను దిగింది. సన్నటి ఉక్కు తురుము చుట్టలు చుట్టుకుంటూ రాలింది. పన్ను తర్వాత పన్ను, ఆపకుండా, ఒకే బలంతో లాగాడు. చివరి పన్ను దాటగానే బ్రోచ్ కిందికి జారి ఆయన ఎడమ అరచేతిలో పడింది. వెంటనే రెండో రింగు పెట్టాడు. పాత బ్రోచ్ విరిగింది రెండో రింగులోనే. అంజమ్మ గుమ్మంలోంచి ఇటు రాలేదు. నేను పిడి వైపు చూడకుండా ఆయన ముఖం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ ముఖంలో ఏ మార్పూ రాకుండా రెండో రింగు కూడా పూర్తయింది.

"ముందు ఎవరికి వేస్తారు?" అని అడిగాను.

"నాకే మేడం. ఖరాబయితే నేను వడాలె. ఇంకొకల్లను పడగొడ్తనా?"

కూర్చుని అక్కడే తన కాలిపర్‌కు రెండు రింగులూ మార్చుకున్నాడు. గోడ పట్టుకుని లేచి, కాలు చాపాడు. రెండు రింగులూ ఒకేసారి జారి, టక్కుమని కూర్చున్నాయి. కర్ర తీసి అంజమ్మ చేతికిచ్చాడు. ఒంటి బరువంతా కుడి కాలి మీద వేసి ముందుకు ఊగాడు, వెనక్కి ఊగాడు. కావాలని మోకాలు మడవబోయాడు. మడత పడలేదు. అలాగే గుమ్మం దాటి, సందులోకి వెళ్ళి, కరెంటు స్తంభం దాకా నడిచి తిరిగొచ్చాడు. అంజమ్మ వెంటే నడిచింది, పట్టుకోబోయి చేయి వెనక్కి తీసుకుంది.

వచ్చీ రాగానే ఆయన అన్న మొదటి మాట: "మలక్‌పేట పద్మమ్మకు ఫోన్ కొట్టు. రింగులైనయని చెప్పు. ఆమె గుడ ఇంట్లకెల్లి బయటికి రాక నాలుగు నెలలాయె."

అంజమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. అవతల నుంచి ఆడగొంతు, "అన్నా, నేనే నడుచుకుంట ఒస్త. ఆటో ఒద్దు" అంది. రింగులు వేయకముందు అలా రాకూడదని ఆయన కోప్పడ్డాడు. నేనెప్పుడూ చూడని ఆ పద్మమ్మ పకపకా నవ్వింది.

ముప్పై ఏళ్ళకు పైగా నా చేతుల మీదుగా పనిముట్లు వెళ్ళాయి. ట్రేలలో వచ్చేవి, కాల్చేదాన్ని, గట్టిదనం పరీక్షించి పంపేసేదాన్ని. అవి తర్వాత ఏం కోశాయో, ఎవరి కోసం కోశాయో ఒక్కటీ చూడలేదు, చూడాలని తోచనూ లేదు. హై స్పీడ్ స్టీల్ గురించి నాకు తెలియంది పెద్దగా ఏమీ లేదనుకునేదాన్ని. అది ఎందుకోసమో నర్సింహ గారు తన కాలి మీద చూపించారు.

ఇప్పుడు గేటు దగ్గర నేను మొదట అడిగేది స్టీలు రకం కాదు. అది ఎవరికి, ఏం చేసిపెడుతుందని అడుగుతున్నాను. కాల్చి ఇచ్చేటప్పుడు ఒక షరతు కూడా పెడుతున్నాను. అది మొదటిసారి పని చేసే రోజు నన్ను పిలవాలి. చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. కొందరు పిలుస్తారు. పిలిచిన ప్రతి చోటికీ వెళ్తున్నాను.